పబ్లిక్ పాలసీ పీజీ: చేరేముందే చెప్పాల్సిన సంగతులు

సంపాదకుడికి,

పబ్లిక్ పాలసీ పీజీ గురించి మీ విద్యా పేజీలో వచ్చిన వ్యాసం చదివాం. సివిల్స్‌కు సిద్ధమయ్యేవారికి ఈ కోర్సు మంచి మెట్టు అని అందులో రాశారు. బెంగళూరులో ఈ సబ్జెక్టు బోధిస్తున్నవాళ్లం కాబట్టి ఆ మాటను అలాగే వదిలేయలేకపోతున్నాం. రాయలసీమ నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి చాలామంది పిల్లలు ఈ నమ్మకంతోనే ఇక్కడికి వచ్చి చేరుతున్నారు. రెండేళ్ల ఫీజుకు హాస్టల్ ఖర్చు కూడా కలిస్తే, బ్యాంకు లోను లేకుండా చదివించగలిగే ఇళ్లు తక్కువ.

సివిల్స్ రాయడానికి ఏ డిగ్రీ అయినా చాలు. మెయిన్స్ ఆప్షనల్స్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఉంది, పబ్లిక్ పాలసీ లేదు. ఈ చదువు ఉద్దేశమే వేరు. ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంటే ఎవరికి ఎంత మేలు, భారం ఎవరి మీద, డబ్బు ఏ పద్దు నుంచి, అమలు చేసేది ఎవరు అన్నది లెక్కలతోనూ చట్టంతోనూ తేల్చి, అధికారికి రెండు పేజీల్లో చెప్పగలగాలి. ఇది ఇష్టమై వచ్చినవాళ్లు బాగా రాణిస్తారు. కోచింగ్‌కు బదులు అనుకుని వచ్చినవాళ్లు మాత్రం రెండో నెలకే డీలా పడతారు.

ముందు తేల్చుకోవాల్సింది, చేతికొచ్చేది డిగ్రీయా, సర్టిఫికెట్టా అన్నది. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం చట్టబద్ధమైన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో 2014 నుంచి నడుస్తున్న రెండేళ్ల ఎంపీపీ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ) డిగ్రీ కోర్సు. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో ఎంఏ డెవలప్‌మెంట్ కూడా డిగ్రీయే. తక్షశిల ఇన్‌స్టిట్యూషన్ నడిపేవి డిగ్రీ కోర్సులు కావు. ఉద్యోగం చేసుకుంటూ పాలసీ నేర్చుకోవాలనుకునేవారికి పనికొస్తాయి. ఇందులో ఎక్కువ తక్కువల మాట లేదు. కానీ పీహెచ్‌డీకి వెళ్లాలన్నా, పీజీ అర్హతగా అడిగే ఉద్యోగానికి దరఖాస్తు చేయాలన్నా డిగ్రీ కావాలి. విద్యా రుణానికి కూడా కోర్సు గుర్తింపును బ్యాంకు చూస్తుంది. కాబట్టి ఫీజు కట్టకముందే బ్రాంచికి వెళ్లి అడగడం మంచిది.

పిల్లలు ఎక్కువగా తడబడేది గణాంకాల దగ్గర. బీఏలోనో, ఇంజనీరింగ్‌లోనో ఎన్ని మార్కులు వచ్చినా, సర్వే డేటాను చేత్తో ముట్టుకున్నవాళ్లు తక్కువ. ఉదాహరణకు కేంద్రం నడిపే పీఎల్‌ఎఫ్‌ఎస్ (పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే) తీసుకోండి. 2017లో మొదలైన ఈ ఉపాధి సర్వే యూనిట్ డేటా, అంటే ఒక్కో మనిషి జవాబుల వివరం, ఉచితంగానే దొరుకుతుంది. పాత ఏళ్ల ఫైళ్లు డౌన్‌లోడ్ చేసి తెరిస్తే కామాలు, కాలమ్ పేర్లు లేకుండా అంకెల వరసలే కనిపిస్తాయి. ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా వయసు, ఎక్కడి నుంచి ఎక్కడికి పని కోడ్ అన్నది విడిగా ఇచ్చిన లేఅవుట్ ఫైల్ చూసి విడగొట్టాలి. అందులో ఒక్క స్థానం జరిగినా ప్రోగ్రామ్ ఎర్రర్ చూపదు, తప్పుడు అంకె ఇచ్చి ఊరుకుంటుంది. విడగొట్టాక, సర్వేలోని ఒక్కో మనిషి ఎంతమందికి ప్రతినిధో చెప్పే మల్టిప్లయర్‌తో వెయిట్ కట్టాలి. 2025లో సర్వే పద్ధతి మారకముందు ఫైళ్లలో మల్టిప్లయర్‌ను, డేటాతో వచ్చే సూచనల ఫైలు రీడ్‌మీలో చెప్పిన షరతును బట్టి కొన్ని వరసల్లో 100తో, కొన్నింట్లో 200తో భాగించాలి. ఈ పని చేయకుండా వదిలేసిన విద్యార్థికి వచ్చే నిరుద్యోగ రేటు ప్రభుత్వ నివేదికతో సరిపోలదు. అప్పుడు ప్రభుత్వమే లెక్కలు దాచిందని థీసిస్‌లో రాసేస్తాడు!

జిల్లాల పోలికలో ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణకు 10 జిల్లాలు, 2019-21 నాటి ఐదో సర్వేలో 31. పాత వరంగల్ అంకెను కొత్త వరంగల్ రూరల్ అంకె పక్కన పెట్టి రక్తహీనత పెరిగింది, తగ్గింది అని రాస్తే అది అర్థం లేని మాట. కొత్త జిల్లాలను కలిపి పాత జిల్లా చేద్దామన్నా కుదరదు. కొత్త భూపాలపల్లి జిల్లాలో చేరిన కాటారం, మహాదేవపూర్ మండలాలు పాత కరీంనగర్‌వి. పాత వరంగల్‌లోని చేర్యాల సిద్దిపేటకు పోయింది. రాష్ట్రం మొత్తం మీద పోల్చడమో, ఐదో సర్వేలోని జిల్లాల మధ్య తేడాలకే పరిమితం కావడమో సరైన దారి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి కనుక రాబోయే థీసిస్‌లన్నింటికీ ఇదే చిక్కు. బెంగళూరూ అంతే. 2011 జనగణన అంకెలు పాత నగరపాలక సంస్థ బీబీఎంపీ 198 వార్డులకు ఉన్నాయి. 2025 సెప్టెంబరు నుంచి నగరం ఐదు కార్పొరేషన్లయింది.

బడ్జెట్ పత్రాల్లో జరిగే తప్పు ఇంకోటి. 2025-26 బడ్జెట్‌లో ఆ ఏటి అంచనా, 2024-25 అంచనా, సవరించిన అంచనా, 2023-24 వాస్తవ ఖర్చు నాలుగూ పక్కపక్కనే ఉంటాయి. అంచనాను ఖర్చుగా చూపిస్తే వ్యాసమంతా కూలిపోతుంది. 2202 అంటే సాధారణ విద్య, 2210 అంటే వైద్యం, ప్రజారోగ్యం అని పద్దుల నంబర్లు చూసి చదవడం మొదటి సెమిస్టర్‌లోనే రావాలి.

ఇక మెమో, అంటే అధికారికి రెండు పేజీల్లో ఇచ్చే నోట్. నిర్ణయం మొదటి పేరాలో ఉండాలి. తర్వాత ఖర్చు, మార్చాల్సిన నిబంధన, నష్టపోయేవాళ్లు, వాళ్లకు చెప్పాల్సిన సమాధానం రావాలి. మా చేతికి వచ్చేవి ఎక్కువగా పన్నెండు పేజీల వ్యాసాలు, చివర ‘ప్రజల్లో అవగాహన కల్పించాలి’ అన్న సిఫార్సు. అవగాహన ఎవరు కల్పించాలి, ఎంత ఖర్చుతో, ఆ పని ఏ ఉద్యోగి చేయాలి అని అడిగితే జవాబుండదు. అలాంటి సిఫార్సుతో ఏ సెక్షన్ ఆఫీసరూ ఫైలు కదపలేడు.

ఫీల్డ్‌వర్క్‌కు కన్నడ కావాలి. పంచాయతీ తీర్మానాలు, వార్డు ఆఫీసు రికార్డులు కన్నడలోనే ఉంటాయి. తెలుగు లిపి వచ్చినవాళ్లకు కన్నడ లిపి చదవడం కొద్ది వారాల పని, మొదటి సెలవుల్లోనే పట్టుబట్టి నేర్చుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తు వేసేటప్పుడు కర్ణాటక నిబంధన గుర్తుంచుకోవాలి: ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 పదాల్లోపు. మనవాళ్లు ఇంటి దగ్గర రాసినట్టు నాలుగు అంశాలు ఒకే కాగితం మీద రాస్తే తిప్పి పంపేస్తారు. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30 రోజులు. థీసిస్ గడువుకు రెండు నెలల ముందు దరఖాస్తు వేసినవాళ్లు ఖాళీ చేతులతో మిగులుతారు.

ఉద్యోగాల సంగతీ దాచకూడదు. కన్సల్టెన్సీల ప్రాజెక్టు యూనిట్లు, పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, ఎంపీలతో కలిసి పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్ లాంటివి ఉన్నాయి. పని మంచిదే, నేర్చుకునేదీ చాలా ఉంటుంది. అయితే వీటిలో చాలావరకు గడువుతో కూడిన కాంట్రాక్టులు. బ్యాంకు కిస్తీ మాత్రం సాధారణంగా కోర్సు ముగిసిన ఏడాదికల్లా మొదలవుతుంది.

అందుకే కాలేజీలను అడుగుతున్నాం: గణాంకాలకు, ఎకనామిక్స్‌కు ఎన్ని క్రెడిట్లో, ఇంటర్న్‌షిప్‌కు స్టైపెండ్ ఉందో లేదో, పాత విద్యార్థులకు వచ్చినవి కాంట్రాక్టులా, పర్మనెంటు ఉద్యోగాలా అన్నది ప్రాస్పెక్టస్‌లో అచ్చువేయండి. లెక్కలకు దూరమైనవాళ్ల కోసం తరగతులకు ముందు మూడు వారాలు సగటు, శాతాలు, సహసంబంధం, ఆర్ సాఫ్ట్‌వేర్ నేర్పండి. ఆర్ ఉచితం, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రణాళికా శాఖలు కూడా ఏటా కొందరు విద్యార్థులను స్టైపెండ్‌తో తీసుకుని, పాత జిల్లాల మండలాలు ఏ కొత్త జిల్లాలోకి వెళ్లాయో చెప్పే పట్టికను ఎక్సెల్ ఫైలుగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీ విద్యా పేజీ వచ్చే ప్రవేశాల సీజన్‌లో ఈ కోర్సుల గురించి రాసేటప్పుడు ఫీజు, సీట్ల పక్కనే ఈ వివరాలను కూడా ప్రతి కాలేజీ నుంచి రాబట్టి వేయాలని మా కోరిక.

— పబ్లిక్ పాలసీ అధ్యాపకులు ఇద్దరు,
మల్లేశ్వరం, బెంగళూరు