గుహలు, డైవింగ్, ట్రెక్కింగ్ ట్రిప్పులకు ఇన్సూరెన్స్: మన ఆఫీసులో మారుతున్న పద్ధతి

హన్మకొండలో మన దగ్గర టికెట్లు, వీసాలు, టూర్లు చేయించుకుంటున్న అందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి ఒక పద్ధతి మారుస్తున్నా. విదేశీ ట్రిప్పులో గుహలు, స్కూబా, పారాగ్లైడింగ్, ఎత్తైన ట్రెక్కింగ్ లాంటివి ఉంటే, టికెట్‌తో పాటు అంటగట్టే చవక ట్రావెల్ పాలసీ ఇక మన ఆఫీసులో దొరకదు. మీ ప్లాన్ ఏ రోజుకారోజు చూసి, దానికి సరిపోయే పాలసీ ఉంటేనే చేస్తా. దీంతో కొందరికి బిల్లు పెరుగుతది. పెరిగిన ప్రీమియంలో నాకూ కమీషన్ వస్తది, అది దాచే విషయం కాదు. అందుకే కారణం పూర్తిగా చెప్పాలనుకుంటున్నా.

ఇదివరకు మన దగ్గరికి ఎక్కువగా దుబాయ్, సింగపూర్ టూర్ల వాళ్లు, అమెరికాలో పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నలు వచ్చేవాళ్లు. ఇప్పుడు పాండవుల గుట్టల్లో రాక్ క్లైంబింగ్ నేర్చుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వియత్నాం గుహల గురించి, బాలిలో డైవింగ్ గురించి, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ గురించి అడుగుతున్నారు. చూస్తుంటే సంబరంగా ఉంటది. అయితే ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, యాభై వేల డాలర్లదా, లక్ష డాలర్లదా?" మీరు చేయబోయే పని మినహాయింపుల్లో, అంటే పాలసీ వర్తించదని రాసిన పేజీలో ఉంటే లక్ష డాలర్ల పాలసీ అయినా ఆ ప్రమాదానికి రూపాయి ఇయ్యదు. ముందు చూడాల్సింది ఆ పేజీ, ఎన్ని డాలర్లన్నది తర్వాత.

గుహల సంగతే తీసుకోండి. స్లొవేనియాలోని పోస్టోయ్నా గుహలోకి చిన్న రైలు పోతది. మెట్లు, లైట్లు, గైడు అన్నీ ఉంటాయి. అది చూసొచ్చే గుహ, మామూలు పాలసీతో పెద్ద ఇబ్బంది రాదు. వియత్నాంలోని సోన్ డూంగ్ అట్లా కాదు. 2009లో బ్రిటిష్ కేవర్లు (గుహల్లో దిగి అన్వేషించేవాళ్లు) సర్వే చేసిన ఆ గుహలో రోజుల తరబడి నడవాలి, లోపలే టెంట్లలో పడుకోవాలి, నదులు దాటాలి, తాళ్ల సాయంతో ఎక్కాలి, దిగాలి. టూర్ కాగితం మీద రెండింటికీ 'కేవ్ విజిట్' అనే ఉండొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం తాడు వాడారా, గైడు ఉన్నాడా, ఎంత లోతు దిగారు అని అడుగుతది. ఇంకో సంగతి, మినహాయింపుల్లో కేవింగ్ అని కనపడలేదని ధీమా పడొద్దు. పాట్‌హోలింగ్ అని రాసి ఉన్నా అదీ ఇదే. కొన్ని పాలసీల్లో సాహస క్రీడలకు కవర్ ఉన్నా, పక్కనే 'వినోదం కోసం మాత్రమే, శిక్షణ పొందిన నిపుణుడి పర్యవేక్షణలో' అని షరతు ఉంటది. అంటే లైసెన్సున్న ఆపరేటర్‌తో పోయినవాళ్లకు వర్తించే కవర్, దోస్తులతో సొంతంగా దిగినవాళ్లకు వర్తించదు.

అన్నిటికంటే ఎక్కువ మంది పొరపడేది రెస్క్యూ దగ్గర. పాలసీలో 'మెడికల్ ఎవాక్యుయేషన్' అని ఉంటే గుహలోంచి బయటికి తీసే ఖర్చు కూడా వస్తదనుకుంటారు. సాధారణంగా దాని అర్థం, డాక్టర్ అవసరమని చెప్పి, కంపెనీ ఒప్పుకుంటే, సరైన ఆస్పత్రికి చేర్చడం. బొరియలోంచి మనిషిని పైకి తేవడం సెర్చ్ అండ్ రెస్క్యూ కిందికి వస్తది. అది వేరే లైను. చాలా పాలసీల్లో అసలే ఉండదు, ఉన్నా చిన్న పరిమితి పెడతారు. ఆ పని ఎంత పెద్దదో 2014లో జర్మనీలోని రీజెండింగ్ గుహలో లోకం చూసింది. సుమారు వెయ్యి మీటర్ల లోతులో రాయి పడి తలకు దెబ్బ తగిలిన యోహాన్ వెస్ట్‌హౌజర్‌ను పైకి తేవడానికి 11 రోజులు పట్టింది, ఐదు దేశాల నుంచి 700 మందికి పైగా పనిచేశారు. 2023లో టర్కీలోని మోర్జా గుహలో మార్క్ డిక్కీకి అయితే దెబ్బే తగలలేదు, కడుపులో రక్తస్రావం. ఆయన కూడా వెయ్యి మీటర్ల లోతునే ఉన్నాడు. ఇద్దరూ ఏళ్ల అనుభవం ఉన్న కేవర్లు. అంటే పాలసీలో ప్రమాదంతో పాటు జబ్బుకూ కవర్ ఉండాలి, రెస్క్యూ లైను విడిగా ఉండాలి.

జబ్బు మాట వచ్చింది కాబట్టి బీపీ, షుగర్ గురించి. ప్రపోజల్ ఫారంలో దాచొద్దు. "గోలీ వేసుకుంటున్నా కదా, కంట్రోల్‌లోనే ఉంది" అంటారు. కంట్రోల్‌లో ఉన్నా రాయాల్సిందే.

నేపాల్ పోయేవాళ్లు ఎత్తు చూసుకోవాలి. అన్నపూర్ణ బేస్ క్యాంప్ 4,130 మీటర్లు, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364. చాలా పాలసీలు ఇంత ఎత్తు దాకే అని గీత గీస్తాయి. మొదటి ట్రెక్‌కు సరిపోయిన పాలసీ రెండోదానికి పనికిరాకపోవచ్చు. 2018లో అక్కడ అవసరం లేని హెలికాప్టర్ రెస్క్యూల మోసం బయటపడింది. హెలికాప్టర్ ఎక్కేముందే పాలసీ మీద ఉండే అసిస్టెన్స్ నంబర్‌కు (ఎమర్జెన్సీ సాయం నంబర్) ఫోన్ చేయాలని కంపెనీలు పట్టుబడతాయి. ఆ నంబర్ మీ ఫోన్లోనే కాదు, మీతో వచ్చేవాళ్ల ఫోన్లోనూ ఉండాలి. కాలు విరిగినప్పుడు ఫోన్ చేసేది వాళ్లే.

డైవింగ్‌లో పాలసీ మీ సర్టిఫికెట్ లోతును చూస్తది. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సు చేసినవాళ్లకు 18 మీటర్లు. అంతకంటే కిందికి దిగి ఏమన్నా అయితే క్లెయిమ్ కష్టం. లోతు నుంచి పైకి వచ్చేటప్పుడు ఒంట్లో గాలి బుడగలు ఏర్పడే డీకంప్రెషన్ జబ్బుకు హైపర్‌బారిక్ చాంబర్ (ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చే గది) చికిత్స కవర్ అయితదా అన్నది తప్పకుండా అడగండి. వరుసగా డైవులు చేస్తే చివరి డైవ్‌కు, విమానానికి మధ్య కనీసం 18 గంటలు ఉంచమంటారు. అందుకే మీ రిటర్న్ టికెట్ వేసేటప్పుడు నేనే అడుగుతా.

యూరప్‌లో ఫ్రాన్స్, జర్మనీ లాంటి షెంగెన్ దేశాల వీసాకు కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉండాలి. అది వీసా నిబంధన, అంతే. ఆల్ప్స్‌లో పారాగ్లైడింగ్ చేస్తే ఆ పాలసీ వర్తిస్తదని అందులో ఎక్కడా హామీ లేదు. న్యూజిలాండ్‌లో వైటోమో గుహల్లో నీళ్ల మీద ట్యూబుల్లో పోయే ట్రిప్పులున్నాయి. అక్కడ ప్రమాదంలో దెబ్బ తగిలితే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం చికిత్సకు సాయం చేస్తది, టూరిస్టులకు కూడా. మంచి వ్యవస్థ. కానీ జబ్బు చేస్తే అది రాదు, స్ట్రెచర్ మీద ఇండియాకు తెచ్చే ఖర్చూ రాదు.

ఇక నేను చేయలేనివి. కేవ్ డైవింగ్, ఎవరూ సర్వే చేయని గుహల అన్వేషణ, పోటీలు, గైడుగా జీతానికి పోవడం, వీటికి సరిపోయే పాలసీ ప్రస్తుతం నా దగ్గర లేదు. ఉన్నదేదో అంటగట్టను. డైవర్లకు డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ లాంటి సంస్థలున్నాయి, అక్కడ అడగమని చెప్తా.

అనుమానం ఉన్న ప్రతి పనికీ కంపెనీకి నేనే మెయిల్ పెడతా, జవాబు మీకు పంపుతా. ఫోన్లో ఎవరో "అయితది సార్" అన్న మాట మీద నేను పాలసీ కట్టించను. రేపు క్లెయిమ్ కాదన్నా ఆ మెయిలే మీ చేతిలో ఉండే ఆధారం. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, తర్వాత హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, అక్కడ ఫీజు లేదు. కాగితాలు తయారు చేయడంలో నేను సాయం చేస్తా.

దసరా, దీపావళి సెలవులకు ఇప్పటికే టికెట్లు తీసుకున్నవాళ్లు మీ పాలసీ పూర్తి వర్డింగ్, రోజువారీ ప్లాన్ ఆఫీసు వాట్సాప్‌కు పంపండి. పాలసీ వేరే చోట కొన్నా పర్వాలేదు, చూసి చెప్పడానికి డబ్బులేం తీసుకోను. బయలుదేరే ముందు మార్పులకు, కొత్త పాలసీకి టైం ఉండాలి కాబట్టి కనీసం రెండు వారాల ముందు పంపండి.