ఆపరేషన్ తర్వాత కూడా మిగిలే ప్రశ్నలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన వారం తొమ్మిదో తరగతిలో పెద్దయ్యాక ఏం కావాలనుకుంటున్నారని అడిగితే, డాక్టర్ అనగానే సగం చేతులు లేచాయి. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రోజూ కళ్లబడే ఊరు మనది, ఇందులో వింత లేదు. వెనక బెంచీ అమ్మాయి ఒకతె మాత్రం, "మేడమ్, డాక్టరు ఆపరేషన్ చేస్తే చాలు కదా, మళ్లీ పరిశోధన దేనికి?" అంది. అంతలోనే బెల్ కొట్టారు. తనకు చెప్పాలనుకున్నది మీకు రాస్తున్నాను, ఇంట్లో పిల్లలతో మాట్లాడండి.

మెదడులో తేటనీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. పెద్దవాళ్లలో రోజుకు సుమారు అర లీటరు. అది బయటికి పోయే దారి మూసుకుపోతే లోపలే నిలిచిపోతుంది. పసిబిడ్డల తల ఎముకలు ఇంకా అతుక్కుని ఉండవు కాబట్టి తల పెరిగిపోతుంది. దీన్నే హైడ్రోకెఫాలస్ అంటారు. మా పిన్ని మనవడికి ఇదే వచ్చింది. షంట్ వేశారు, అంటే తలలోని నీరు చర్మం కింద నుంచి పొట్టలోకి దిగేలా ఒక సన్నని గొట్టం. అది రెండుసార్లు మూసుకుపోయింది. రెండోసారి బిడ్డ వాంతులు చేసుకుంటూ మగతలోకి జారిపోతుంటే, అర్ధరాత్రి పీలేరు దగ్గరి పల్లె నుంచి తిరుపతికి కారులో తెచ్చాం. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ మరిచిపోలేను. తిరుపతి అందుబాటులో ఉంది కాబట్టి బతికాడు.

మరి ఆసుపత్రి అందుబాటులో లేని తల్లుల సంగతి? బెంజమిన్ వార్ఫ్ అనే అమెరికన్ పిల్లల న్యూరోసర్జన్‌ను పట్టుకున్న ప్రశ్న అదే. 2000లో ఆయన కుటుంబంతో ఉగాండాలోని ఎంబాలే పట్టణానికి వెళ్లి, అక్కడి పిల్లల ఆసుపత్రిలో పనిచేశారు. షంట్ మూసుకుపోతే తిరిగి రాలేనంత దూరంలో ఉన్న బిడ్డకు అసలు గొట్టమే లేకుండా చేయలేమా అని ఆలోచించారు. ఎండోస్కోపుతో, అంటే కెమెరా ఉన్న సన్నని పరికరంతో, మెదడు లోపల చిన్న రంధ్రం చేసి నీటికి కొత్త దారి ఇచ్చే పద్ధతి అప్పటికే ఉంది. ఏడాదిలోపు బిడ్డల్లో అది అంతగా పనిచేయడం లేదు. అందుకని ఆయన నీటిని ఊరించే కణజాలాన్ని కూడా కాల్చడం మొదలుపెట్టారు. ప్రతి బిడ్డ సంగతీ రాసిపెట్టారు. 550 మంది పిల్లల వివరాలతో 2005లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిలోపు వాళ్లలో రంధ్రం ఒక్కటే చేస్తే 47 శాతం మందికి నయమైంది, రెండూ చేస్తే 66 శాతం మందికి.

2012లో ఆయనకు అమెరికాలో పెద్ద గౌరవంగా భావించే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. నాకు అంతకన్నా ఎక్కువ నచ్చింది తర్వాత జరిగిన పని. ఇంత పేరు వచ్చిన తన పద్ధతిని ఆయన బృందమే మళ్లీ పరీక్షకు పెట్టింది. 100 మంది బిడ్డలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు షంట్, ఇంకో గుంపుకు ఈ ఆపరేషన్ చేశారు. ఏడాది తర్వాత బిడ్డల తెలివితేటల ఎదుగుదల చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తమ పద్ధతే గొప్పదని తేలకపోయినా, 2017లో ఉన్నది ఉన్నట్టు ప్రచురించారు. ఆపరేషన్ చేస్తే చాలదు, అది నిజంగా మేలు చేస్తోందా అని చూసుకోవడానికే పరిశోధన. ఆ అమ్మాయికి నేను చెప్పాలనుకున్నది ఇదే.

ఉగాండా బిడ్డల్లో సగానికి పైగా ఈ జబ్బు ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిందని కూడా వార్ఫ్ గమనించారు. ఏ క్రిమి వల్లో ఏళ్ల తరబడి దొరకలేదు. పిల్లల న్యూరోసర్జనే అయిన స్టీవెన్ షిఫ్ బృందం 2020లో పేనిబాసిల్లస్ అనే బాక్టీరియా ఆనవాళ్లు పట్టుకుంది.

ఇక మన బడి సంగతి. ప్రతి వారం ఇచ్చే నీలం మాత్ర వద్దని కొందరు రాసి పంపారు. అందులో ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. కడుపులో బిడ్డకు మెదడు, వెన్నుపాముగా మారే నాళం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకోవాలి. చాలామంది తల్లులకు గర్భం వచ్చిన సంగతి అప్పటికి తెలియనే తెలియదు. అది సరిగా మూసుకోని బిడ్డల్లో చాలామందికి తలలో నీరు చేరుతుంది. అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులు తర్వాతి గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. మన ఆడపిల్లలకు ఆ అలవాటు, ఆ అవగాహన ఇప్పటి నుంచే ఉండాలని నా కోరిక. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం పెడుతుంది కాబట్టి మధ్యాహ్న భోజనం అయ్యాకే ఇస్తున్నాం. అయినా మీ బిడ్డకు పడకపోతే, మానేయమని రాసే ముందు ఒక్కసారి నా దగ్గరికి రండి. సాయంత్రం నాలుగున్నర దాకా బడిలోనే ఉంటాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు