మా వాద్యాలకు దరఖాస్తులో గడి లేదు: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, పాత వాద్యాల శబ్దాన్ని కంప్యూటర్‌తో కలిపి వాయించే మా కచేరీలకి రాయితీ మీద హాలు ఇప్పించమని మేము పెట్టుకున్న మూడు అర్జీలు ఏమయ్యాయో మాకు ఇప్పటికీ తెలియదు. మొదటిది పోయిన జూన్‌లో ఇచ్చాం. రెండోది దసరా ముందు, మూడోది సంక్రాంతి వెళ్ళిన వారంలో. మూడింటికీ రసీదులు ఉన్నాయి, రాతలో జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈ ఉత్తరం అందరూ చదివేలా రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి, మాకు వేరే దారి కనిపించలేదు.

కళాకారులకు రాయితీ మీద హాలు ఇచ్చే పథకం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ దరఖాస్తులో ‘ప్రదర్శన రకం’ అనే వరుస దగ్గరే మేము ఆగిపోయాం. శాస్త్రీయ సంగీతం, లలిత సంగీతం, జానపదం, నృత్యం, నాటకం అని ఉన్నాయి. ఏదో ఒకదానికి టిక్ పెట్టాలి. ‘ఇతరములు’ అనే గడి లేదు. జూన్‌లో జానపదానికి టిక్ పెడితే, ల్యాప్‌టాప్ ఉంది కదా, ఇది జానపదం ఎలా అవుతుందని వెనక్కి ఇచ్చారు. దసరాకి లలిత సంగీతం అని పెడితే పాటల పేర్లు, రాసినవాళ్ళ పేర్లు రాసుకురమ్మన్నారు. మా దగ్గర పాటలు లేవు. సంక్రాంతి తర్వాత ఆ వరుస ఖాళీగా వదిలేసి, పక్కన ఒక కాగితం మీద మేము చేసేదేంటో వివరంగా రాసి జత చేశాం. ఆ కాగితం ఎవరైనా చదివారో లేదో తెలియదు.

అందులో ఏం రాశామో మీకూ చెబుతాను. మేము విశాఖపట్నంలో ఐదుగురం. మాతోపాటు విజయనగరం వైపు నుంచి వచ్చే జముకు తాత ఉంటారు. జముకు అనే జానపద వాద్యం మీరు వినే ఉంటారు. ఒకవైపు తోలు మూసి ఉంటుంది, ఆ తోలు నడుమ నుంచి ఒక తీగ వస్తుంది. చంకలో ఇరికించుకుని తీగను బిగించి వదులుతూ మీటితే శబ్దం సాగుతుంది, మూలుగుతుంది, మనిషి గొంతులా వంపులు తిరుగుతుంది. ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు తాత పక్కవాళ్ళ వంత పాట కంటే జముకే ఎక్కువ మాట్లాడుతుంది. మేము ఆ తోలు అంచుకి ఒక చిన్న పియెజో బిళ్ళ అంటిస్తాం. బజర్లలో ఉంటుందే, అదే. గాలిలో వచ్చే శబ్దాన్ని కాకుండా తోలులో పుట్టే కంపనాన్ని అది నేరుగా పట్టుకుంటుంది. ఆ శబ్దాన్ని కంప్యూటర్ కొన్ని సెకన్లు దాచుకుని, నెమ్మదిగా, కింది శ్రుతిలో తిరిగి వినిపిస్తుంది. తాత దానికి బదులు వాయిస్తారు. మొదటిసారి విన్నప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “మా నాయిన వాయించినట్టుంది బాబూ” అన్నారు.

ఇంకా థెరెమిన్ ఉంది. రష్యాలో వందేళ్ళ కిందట తయారైన వాద్యం అది. దాన్ని తాకకుండా వాయిస్తారు. ఒక చెయ్యి నిలువు కడ్డీకి దగ్గరయ్యే కొద్దీ శ్రుతి పెరుగుతుంది, రెండో చెయ్యి పక్కనున్న వలయం దగ్గర శబ్దాన్ని పెంచి తగ్గిస్తుంది. మాలో ఒకమ్మాయి విడి భాగాలు కొని, మూడు నెలలు కూర్చుని తనే కట్టుకుంది. మరొకతను పియెజో బిళ్ళకే నీళ్ళు పోకుండా పూత పూసి, భీమిలి దగ్గర సముద్రంలో దించి, పడవ ఇంజన్ల శబ్దం, ఇసుక జారే శబ్దం పట్టుకొచ్చాడు. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లిలో మిగిలిన పనస చెక్క ముక్కలు అడిగి తెచ్చి, వాటితో తీగల పెట్టె ఒకటి చేసుకున్నాం. శ్రోతలు మధ్యలో కూర్చుంటారు, నాలుగు మూలల నాలుగు స్పీకర్లు ఉంటాయి. సముద్రం ఒక మూల నుంచి ఇంకో మూలకి నడుస్తుంది. అందుకే మేము అడిగేది కుర్చీలు జరపడానికి వీలైన చిన్న హాలు. పెద్ద స్టేజీ మాకు అక్కర్లేదు.

రాయితీ రాకపోయేసరికి ఆగస్టులో తలా కొంత వేసుకుని ఒక హాలు పూర్తి అద్దెకి తీసుకున్నాం. పేరు చెప్పను. అరవై మంది దాకా వచ్చారు. ఇరవై నిమిషాలు బాగానే సాగింది. జముకు శబ్దం స్పీకర్లలోంచి తిరిగి బిళ్ళలోకి వెళ్ళి ఒక సన్నని రొద లేస్తుంది. అది మేము కావాలని తెచ్చేదే, వారాల తరబడి సాధన చేసి అదుపులో పెట్టుకున్నదే. హాలు ఆపరేటర్ దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుని మెయిన్ లాగేశారు. ముందే చెప్పాం, కాగితం మీద రాసి ఇచ్చాం. ఆయన తప్పు కూడా పూర్తిగా అనలేను, అలాంటి కచేరీ ఆయన ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ తర్వాత కరెంటు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మేనేజర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చీకట్లో తాత జముకు చంకలోనే పట్టుకుని నిలబడి ఉన్నారు. “నా జముకు వల్ల ఏటైనా పాడైపోనాదా బాబూ” అని నన్ను రెండుసార్లు అడిగారు. నలభై ఏళ్ళుగా జాతరల్లో వాయించిన మనిషి అయ్యా ఆయన. అద్దె తిరిగి రాలేదు, పైగా మళ్ళీ వస్తే రెట్టింపు డిపాజిట్ కట్టాలన్నారు.

ఆ రాత్రి ఆయన్ని బస్సెక్కించి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే టెన్షన్‌గానే ఉంటుంది.

మూడో అర్జీతో ఆఫీసుకి వెళ్ళినప్పుడు తాత కూడా వస్తానన్నారు. తనని చూస్తే నమ్ముతారని ఆయన ఆశ. పొద్దున పదింటి నుంచి మూడున్నర దాకా వరండాలో కూర్చున్నాం. లోపలికి పిలిచాక శాంపిల్ సీడీ కావాలన్నారు. పెన్ డ్రైవ్ తెచ్చామంటే సీడీనే కావాలన్నారు. ఫోన్లో వినిపిస్తే పది సెకన్లు విని ఆపేసి, ఇది శబ్ద కాలుష్యం కిందకి వస్తుందేమో చూసుకోమన్నారు. అయ్యా, ఆ నియమాలు మేము చదివే వచ్చాం. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్ స్పీకర్లు కూడదన్న చోట కూడా మూసిన ఆడిటోరియాలకు మినహాయింపు ఉంది. మాది మూసిన హాల్లో ఏడింటికి మొదలై ఎనిమిదిన్నరకి అయిపోయే కచేరీ. మీటరు కూడా మేమే తెచ్చుకుంటాం.

ఇలాంటి సంగీతం మన దేశంలో ఎక్కడుందని కూడా అడిగారు. అక్కడ నాకు మాట రాలేదు, ఇక్కడ చెబుతాను. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ వచ్చి, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యంతో స్టూడియో ఏర్పాటు చేశారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ టేపుల మీద ఎలక్ట్రానిక్ సంగీతం చేశారు. కొన్నేళ్ళకే ఆ పని ఆగిపోయింది. బ్రిటన్ కళాకారుడు పాల్ పర్గస్ వెతుక్కుంటూ వెళ్ళేదాకా ఆ టేపులు దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు. అవి బయటి జనం చేతికి వచ్చింది 2023లో. చేసినవాళ్ళలో గీతా సారాభాయ్ లాంటివారు అప్పటికి లేరు. మా తాత విషయంలో అలా జరగకూడదనే నా భయం.

మన పాలకొల్లు శ్రీనివాస్ గారినే చూడండి. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో ఆ పసివాడు మాండొలిన్ పట్టుకుని కూర్చుంటే ఆ నిర్వాహకులు చోటిచ్చారు. కరెంటుతో మోగే ఆ విదేశీ వాద్యం మీద కర్ణాటక సంగీతమేంటని తర్వాత మాట్లాడినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు మాండొలిన్ అనే మాట ఆయన ఇంటి పేరైపోయింది. ఆ రోజు ఆ వేదిక దొరక్కపోతే ఏమయ్యేదో నేను ఊహించలేను.

మేము అడిగేది చాలా చిన్నది అయ్యా. దరఖాస్తులో ఒక గడి పెట్టించండి, దానికి ఏ పేరు పెట్టినా మాకు అభ్యంతరం లేదు. నెలకి ఒక సాయంత్రం, వంద మంది పట్టే చిన్న హాలు, మధ్యలో తీసెయ్యని కరెంటు కావాలి. తాత లాంటి వాళ్ళకి బస్సు చార్జీ, భోజనం ఇస్తే ఇంకా సంతోషం. ఇవ్వలేకపోతే మేమే చూసుకుంటాం. కనీసం అర్జీకి జవాబు ఇవ్వమనండి. కుదరదంటే కుదరదని రాయమనండి, ఎందుకు కుదరదో తెలిస్తే మార్చుకుంటాం. ఏమీ చెప్పకుండా తిప్పడమే మాకు భరించలేనంతగా ఉంది. మీ దాకా ఈ విషయం రాలేదనే నేను నమ్ముతున్నాను.

వచ్చే నెల రెండో శనివారం హాలు ఖాళీగానే ఉందని బుకింగ్ రిజిస్టర్ చూసిన అబ్బాయి చెప్పాడు. నాలుగో అర్జీ నిన్న రిజిస్టర్ పోస్టులో పంపాను. ఈసారి సీడీ కూడా జత చేశాను, అందులో మూడోది తాత ఒక్కరే వాయించినది, ఏడు నిమిషాలు ఉంటుంది. ఎవరి చేత అయినా ఆ ఏడు నిమిషాలూ పూర్తిగా వినిపించుకోండి అయ్యా.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక వాద్యకారుడు