ఇన్స్‌బ్రుక్‌లో నాకు తోడు నిలిచిన వాళ్లకు

గత వారం నా మొదటి బ్యాచి ముగిసింది. మొత్తం పదకొండు మంది. హోటల్ రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లు, చలికాలంలో స్కీయింగ్ నేర్పేవాళ్లు, రోప్‌వే నడిపే పెద్దాయన ఒకరు. ఆస్ట్రియా కొండల మధ్య ఇన్స్‌బ్రుక్‌లో, తెనాలి నుంచి వచ్చిన నేను వాళ్లకు సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పాను. ఇందులో నా గొప్ప ఎంతో నాకు తెలుసు కాబట్టే, మిగతాది ఎవరిదో నలుగురి ముందూ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మొదట ఇక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తెలుగు తమ్ముడికి. మా వారి ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చాం. ఇంట్లో దిగిన మూడు రోజుల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలని, మెల్డెత్సెటెల్ అనే ఆ ఫారం మీద ఇంటి యజమాని సంతకం ఉండాలని మాకు తెలియదు. "అక్కా, ఎక్కడికి వెళ్లినా ముందు మెల్డెత్సెటెల్ ఉందా అని అడుగుతారు" అంటూ తనే యజమానికి ఫోను చేసి, కార్యాలయానికి మాతో వచ్చాడు. ఆ రోజు ప్రయోగం సగంలో ఆపి వచ్చాడని ఆరు నెలల తర్వాత ఇంకెవరో చెబితే తెలిసింది.

తర్వాత నాకు పాఠాలు చెప్పే పని ఇచ్చినావిడకు. అంతకుముందు రెండు చోట్ల ఒకటే జవాబు: ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లే కావాలి. తొమ్మిదేళ్లు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పిన సర్టిఫికెట్లను ఒకచోట తెరిచి కూడా చూడలేదు. మూడో చోట ఈవిడ ఫోనులో 'హాల్బ్ ద్రై'కి రమ్మన్నారు. హాల్బ్ అంటే సగం, ద్రై అంటే మూడు. మూడున్నర అనుకుని తీరిగ్గా వెళ్లాను. జర్మన్‌లో అది మూడో గంటలో సగం, అంటే రెండున్నర! నేను వెళ్లేసరికి ఆవిడ కోటు వేసుకుని తలుపు దగ్గర ఉన్నారు. సంగతి విని పెద్దగా నవ్వి, కోటు విప్పి మళ్లీ కూర్చున్నారు. నా పాస్‌పోర్టు గురించి ఒక్క మాట అడగలేదు. "వచ్చే వారం ఒక గంట పాఠం చెప్పి చూపించండి" అన్నారు.

ఆ గంట సంగతి వేరే కథ. ఆ రోజు ఫ్యోన్ వీచింది. దక్షిణం నుంచి కొండలు దాటి దిగే వెచ్చని గాలి అది. వీచిందంటే తలనొప్పి తప్పదని ఊరంతా అంటుంది. ముందు వరుసలో ఇద్దరు నుదురు పట్టుకుని కూర్చుంటే నా పాఠం మహిమే అనుకుని చెమటలు పట్టాయి.

ఐర్లండ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సహోద్యోగి రెండు నెలలు తన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోనిచ్చింది. ఏళ్ల తరబడి కూర్చుకున్న పాఠాల ఫైలు చేతిలో పెట్టింది. జర్మన్‌లో 'బెకొమెన్' అంటే పొందడం కాబట్టి, ఎవరైనా "ఐ బికమ్ ఎ బీర్" అంటే నవ్వకుండా రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాయమని చెప్పింది. వీళ్లకు ఇంగ్లీషు 'వీ', 'డబ్ల్యూ' కలిసిపోతాయి. మనకూ అంతే కదా, ఉన్నది ఒక్క 'వ'. తెనాలిలో మా మాస్టారు అద్దం ముందు నిలబెట్టి, పై పళ్లు కింది పెదవికి ఆనించి ఒకటి, పెదవులు గుండ్రంగా చుట్టి ఒకటి పలికించేవారు. ఆ అద్దం పాఠమే ఇక్కడా చెప్పాను. మాతృభాష అయినవాళ్లే కావాలన్న వాళ్లకు ఈ ముక్క చెప్పాలని ఉంది గాని, పోనివ్వండి.

ఇక నా విద్యార్థులు. మొదటి వారం ఒకమ్మాయి చక్కగా ఉత్తరం రాస్తే, ఎర్ర సిరాతో పెద్ద అయిదు వేశాను, అయిదుకు అయిదని. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఇక్కడి బళ్లలో ఒకటి అన్నిటికన్నా మంచి మార్కు, అయిదంటే తప్పినట్టు. రోప్‌వే పెద్దాయన లేచి విషయం చెప్పారు. ఆ అమ్మాయి ఆ కాగితాన్ని దాచుకుని, చివరి రోజు నా చేతే ఒకటి వేయించుకుంది.

మంగళ, గురువారాల సాయంత్రాలు మా అమ్మాయిని చూసుకున్నది కింది అంతస్తులోని పెద్దావిడ. డబ్బు ఇవ్వబోతే కోపం వచ్చింది, పులిహోర మాత్రం తీసుకునేవారు. మా అమ్మాయి ఇప్పుడు 'క'ను ఈ టిరోల్ ప్రాంతం వాళ్లలా గొంతు గీరి పలుకుతోంది.

తెలుగు చదవలేని వాళ్లకు ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చాను. చదవగలిగిన తమ్ముడూ, ఆదివారం సాయంత్రం హాల్బ్ జీబెన్‌కు అందరూ మా ఇంటికి వస్తున్నారు, నువ్వూ రా. అంటే ఆరున్నరకు. నాలాగా ఏడున్నరకు వస్తే గారెలు చల్లారిపోతాయి.