ఆరు జీబీ కార్డు పంపితే మూడు జీబీది వచ్చింది

నల్లగొండ,
6 నవంబర్ 2023.

కస్టమర్ కేర్ విభాగం బాధ్యులకు,

విషయం: ఆగస్టు 7న నమోదు చేసిన గ్రాఫిక్స్ కార్డు ఫిర్యాదును మూడు నెలలుగా తేల్చకపోవడం గురించి.

అయ్యా,

ఇంతకు ముందు మీకు ఆరు ఈమెయిళ్ళు పంపాను. వాటిని మీ ఆఫీసులో ఎవరూ తెరిచి చూడలేదని నా నమ్మకం. చూసి ఉంటే నేను అడిగినదానికీ మీరు చెప్పినదానికీ ఇంత దూరం ఉండదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. చివరిదాకా చదవండి.

నల్లగొండలో నాకు చిన్న డీటీపీ, ఫ్లెక్సీ డిజైనింగ్ షాపు ఉంది. పగలంతా అదే సిస్టమ్ మీద పని, రాత్రి షట్టర్ సగం దించాక నేనూ తమ్ముడూ అదే సిస్టమ్ మీద గేమ్. 2018 దసరా ముందు రోజు, అంటే అక్టోబర్ 17న, కంప్యూటర్ తెర మీద బొమ్మ వేసే గ్రాఫిక్స్ కార్డు, మీ కంపెనీ జీటీఎక్స్ 1060, 6 జీబీ మెమరీది, కొన్నాను. మీ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేస్తే ఐదేళ్ళ వారంటీ అన్నారు, చేశాను. ఈ జూలై దాకా ఒక్క మాట అనాల్సిన అవసరం రాలేదు. జూలై చివర స్క్రీన్ మీద రంగు గీతలు మొదలయ్యాయి, వారానికి డిస్‌ప్లే పూర్తిగా పోయింది. ఐదేళ్ళు వాడిన వస్తువు పాడవడం తప్పు కాదు. దాని మీద నాకు కోపం లేదు.

ఆగస్టు 7న కంప్లైంట్ ఇచ్చి, మీరు చెప్పినట్టే బిల్లు జిరాక్స్ పెట్టి కొరియర్ చేశాను. సెప్టెంబర్ 11న రిప్లేస్‌మెంట్ వచ్చింది. ఆ మధ్య ఐదు వారాలు నా పాత 750 టీఐ పెట్టుకుని పని నెట్టుకొచ్చాను. 2014 నాటి కార్డు అది, రెండు జీబీ. బాక్సు వచ్చిన రోజు రాత్రి తొమ్మిదికి విప్పి సిస్టమ్‌లో బిగించాం. జీటీఏ ఫైవ్ గేమ్ పెట్టి, అందులో ఊరి మధ్యలో కారు తిప్పితే చాలు, ఆట ఆగి ఆగి నడుస్తోంది. గ్రాఫిక్స్ సెట్టింగ్స్ పేజీలో, కార్డులో ఎంత వీడియో మెమరీ ఉంది, ఆటకు ఎంత కావాలి అని చూపించే గీత ఒకటి ఉంటుంది. నేను మీకు పంపిన కార్డుతో అందులో ఆరు వేల చిల్లర ఎంబీ, అంటే ఆరు జీబీ, ఉండేది. ఇప్పుడు మూడు వేల చిల్లర. మాకు ఐదేళ్ళుగా అలవాటైన సెట్టింగ్ పెడితే ఆ గీత ఎర్రబడింది. కార్డు వెనక్కి తిప్పి స్టిక్కర్ చూశాను. 3 జీబీ అని మీరే ముద్రించారు.

రెండిటి పేరూ 1060 అయినా రెండూ ఒకటి కావు. 2016లో ముందు ఆరు జీబీది వచ్చింది, నెల తర్వాత మూడు జీబీది వచ్చింది. మెమరీ సగం ఒక్కటే కాదు, చిప్‌లో లెక్కలు చేసే కోర్లు కూడా 1280 బదులు 1152. మూడు జీబీది పనికిరాని కార్డు అని నేను అనను. పాత గేమ్స్‌లో ఈ రెండిటి మధ్య పెద్ద తేడా కనిపించదు కూడా. కానీ టెక్స్చర్స్, అంటే గేమ్‌లో గోడలు, రోడ్ల మీది బొమ్మల నాణ్యత, పెంచిన చోట మెమరీ చాలకపోతే చిప్ ఎంత జోరుగా ఉన్నా లాభం లేదు. మా తమ్ముడి సిస్టమ్‌లో ఉన్న 1050 టీఐ వీటికంటే కింది మెట్టు కార్డు. దానికి నాలుగు జీబీ ఉంది కాబట్టి మీ కార్డు ఆగిన చోట, సెకనుకు తక్కువ ఫ్రేములతో అయినా, అది ఆగకుండా నడిచింది. పొరపాటున తప్పు బాక్సు వచ్చిందనుకుని, ఒక్క ఫోన్‌తో అయిపోతుందని ఆ రాత్రి ప్రశాంతంగానే పడుకున్నాను.

మర్నాడు నలభై నిమిషాలు లైన్లో ఉన్నాక ఎత్తినాయన, "సార్, మీరు 1060 పంపారు, మేం 1060 ఇచ్చాం, మోడల్ సేమ్" అన్నాడు. ఆరు, మూడు అని రెండుసార్లు చెప్పాను. "అది సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తుండొచ్చు, డ్రైవర్ తీసేసి మళ్ళీ వేయండి" అన్నాడు. డ్రైవర్ అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్. స్టిక్కర్ మీద అచ్చయి ఉంది బాబూ అంటే, ముందు డ్రైవర్ వేస్తేనే కంప్లైంట్ ముందుకు పోతుందన్నాడు. వేశాను. మూడుసార్లు వేశాను. ఫోటోలు మెయిల్ చేశాను. రెండో రోజు "మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ మూసివేశాం" అని మెసేజ్ వచ్చింది, వెంటనే సేవకు ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారని ఇంకొకటి. ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? ఆ మెసేజ్ చూసి నాకు చేతులు వణికాయి. పని మధ్యలో ఉన్న కస్టమర్‌ను కూర్చోబెట్టి బయటికి వచ్చి మళ్ళీ ఫోన్ చేశాను.

ఆ సారి మాట్లాడిన మేడమ్ ఒక్కరే మనిషిలా విన్నారు. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఆమెకు నా వల్ల మాట రాకూడదు. అంతా రాసుకుని, 24 గంటల్లో సీనియర్ ఫోన్ చేస్తారని చెప్పారు. చేయలేదు. వినాయక చవితి పోయింది, నిమజ్జనం పోయింది. ఈ "24 గంటలు" అనే మాట మీ వాళ్ళ నోటి నుంచి ఐదుసార్లు విన్నాను, ఐదు తేదీలూ నా షాపు డైరీలో ఉన్నాయి. ఆ మధ్య ఒకాయన తనంతట తానే ఫోన్ చేసి 1650 కార్డు ఇస్తామన్నాడు. 1060 కంటే 1650 పెద్ద నంబరు కాబట్టి మెరుగైనదట. నంబరు పెద్దదైతే కార్డు పెద్దదవుతుందా? 1650 2019లో వచ్చింది నిజమే, కరెంటు తక్కువ తీసుకుంటుంది నిజమే. గేమ్స్‌లో మాత్రం నా ఆరు జీబీ కార్డు కంటే వెనకే, మెమరీ నాలుగే. ఇది నేను ఓపిగ్గా చెప్తే "ఓకే సార్, నోట్ చేసుకున్నా" అని పెట్టేశాడు. ఆ నోట్ ఏమైందో తర్వాత మాట్లాడిన ఎవరికీ తెలియదు. ప్రతిసారీ మొదటి నుంచి కథ చెప్పుకోవాల్సిందే.

అక్టోబర్ 9న షాపు మూసుకుని నేనే బయల్దేరాను. అదే రోజు ఎన్నికల షెడ్యూల్ ప్రకటించారు. ఫ్లెక్సీ షాపుకు అలాంటి రోజు ఒక్క పూట మూస్తే ఎంత నష్టమో మీకు చెప్పాల్సిన పని లేదు. పొద్దున్నే బస్సెక్కి, ఎల్బీనగర్‌లో మెట్రో పట్టుకుని, సికింద్రాబాద్‌లో మీరిచ్చిన అడ్రస్‌కు పోయాను. కౌంటర్లో ఉన్నాయన కార్డు చేతిలోకి కూడా తీసుకోలేదు. "మాది కలెక్షన్ పాయింట్ మాత్రమే సార్, టికెట్ ఓపెన్‌లో ఉంటేనే తీసుకుంటాం, మీది క్లోజ్ అయింది" అన్నాడు. మూసింది మీరే కదా అంటే అది కస్టమర్ కేర్ వాళ్ళు చూడాలన్నాడు. అక్కడే నిలబడి కస్టమర్ కేర్‌కు చేస్తే, సర్వీస్ సెంటర్‌కు వెళ్ళమన్నారు. సర్వీస్ సెంటర్లోనే ఉన్నానని చెప్పాను. లైన్ కట్టయింది.

బయటికి వచ్చి, కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక చిన్న షాపు ముందు కూర్చున్నాను. ఆ షాపు అబ్బాయికి నేనెవరో తెలియదు. నా మొహం చూసి ఏమైందని అడిగి, కార్డు తీసుకుని తన టేబుల్ మీదున్న సిస్టమ్‌లో పెట్టాడు. రెండు నిమిషాల్లో 3 జీబీ, 1152 కోర్లు అని తెర మీద చూపించి, "అన్నా, ఇది త్రీ జీబీదే, ఎవల్ని అడిగినా చెప్తరు" అన్నాడు. పైసలు ఇస్తే వద్దన్నాడు. ముక్కూమొహం తెలియని మనిషి రెండు నిమిషాల్లో చూడగలిగింది, నా డబ్బు తీసుకున్న మీరు నెల రోజుల్లో చూడలేకపోయారు. తిరుగు బస్సులో నార్కెట్‌పల్లి దాకా నాకు ఇదే బాధ.

ఇక అసలైన మాట. అక్టోబర్ 16తో నా ఐదేళ్ళూ నిండాయి. 19న ఫోన్ చేస్తే, వారంటీ అయిపోయింది, ఏమీ చేయలేమన్నారు. ఆగస్టు 7న ఇచ్చిన ఫిర్యాదు కదా అంటే, అది క్లోజ్ అయింది, ఇది కొత్త టికెట్, కొత్త తేదీ అన్నారు. నన్ను అడక్కుండా పాతది మూసింది మీరు, రోజులు గడిపింది మీరు. పైగా "ఇంత పాత కార్డు కోసం ఎందుకు సార్, కొత్తది తీసుకోండి" అని సలహా. పాతది అంటే చులకనా? గేమ్స్ అమ్మే స్టీమ్ వాళ్ళ సర్వేలో 2022 చివరిదాకా ఏళ్ళ తరబడి అందరికంటే ఎక్కువ మంది వాడిన కార్డు ఈ 1060. కొత్తది కొనే స్తోమత లేకనే వారంటీ చూసి మీ దగ్గర కొన్నాను.

నేనొక్కడినే కొనలేదు కూడా. మా ప్రకాశం బజార్‌లో, ఎన్‌జీ కాలేజీ పిల్లల్లో, సిస్టమ్ కట్టించుకోవాలని అడిగిన ప్రతివాడికీ మీ కార్డే చెప్పాను. తొమ్మిది మంది కొన్నారు. ఇప్పుడు వాళ్ళు మీ కార్డు ఏమైందన్నా అని అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుంది. రెండు వారాలుగా అడిగినవాళ్ళకు మీ పేరు చెప్పడం మానేశాను.

ఆరు జీబీ 1060 మీ దగ్గర ఉంటే అదే ఇవ్వండి. లేదంటే దానికి తగ్గనిది, 1660 అయినా సరే, ఇవ్వండి. అదీ కాదంటే బిల్లు డబ్బు వాపసు చేయండి. సికింద్రాబాద్ ప్రయాణం ఖర్చు, ఆ రోజు పోగొట్టుకున్న పని సంగతి అప్పుడే మాట్లాడుకుందాం. వీటన్నిటికంటే ముందు, మూసేసిన ఆగస్టు 7 నాటి ఫిర్యాదును మళ్ళీ తెరిచారని రాతపూర్వకంగా నాకు కావాలి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. 2019 చట్టం ప్రకారం నేను ఉన్న ఊళ్ళోనే కేసు వేయొచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. మీరే హైదరాబాద్ దాటి నల్లగొండ రావాల్సి ఉంటుంది. మెసేజీలు, కాల్ తేదీలు, కొరియర్ రసీదు, కార్డు ఫోటోలు అన్నీ ప్రింటు తీసి ఫైలు కట్టి పెట్టాను.

నా నంబరు మీ రికార్డులో ఉంది. ఫోన్ చేసేవాళ్ళు ముందు ఆ స్టిక్కర్ ఫోటో తెరిచి, చూసి, అప్పుడు చేయండి.

ఇట్లు,
2018 నుంచి మీ వినియోగదారుడు,
నల్లగొండ.

జతపరచినవి: బిల్లు జిరాక్స్, వారంటీ రిజిస్ట్రేషన్ కాపీ, కార్డు వెనక స్టిక్కర్ ఫోటో, డైరీ పేజీల జిరాక్స్.