కొమ్ము ఎత్తే ముందు హావమాల్ చదవండి

సంపాదకుల వారికి నమస్కారం.

సినిమాల్లో థోర్‌ని చూసి నార్స్, అంటే ప్రాచీన స్కాండినేవియా, దేవతల మీద భక్తి కలిగినవారు తొందరపడి విగ్రహాలు, సుత్తి లాకెట్లు కొనకండి. ముందు చదవండి. ఆ దేవతలను నేడు కొలిచే మతాన్ని ఆసత్రూ అంటారు, ఆ మాటలో ‘త్రూ’ అంటే నమ్మకం. ఐస్‌లాండ్‌లో 1972లో ఆసత్రూ సంఘం ఏర్పడింది. మొదటి పెద్ద స్వేయిన్‌బ్యోర్న్ బేయిన్‌తేయిన్‌సన్ రైతు, కవి. మరుసటేడే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. అక్కడ తప్పనిసరిగా ఒప్పుకోవాల్సిన సిద్ధాంతమంటూ లేదు, పవిత్ర గ్రంథమూ లేదు.

మొదట పద్య ఎడ్డా అనే పాత నార్స్ పద్యాల సంకలనంలోని హావమాల్ (ఓడిన్ దేవుడి హితవులు), వోలుస్పా (లోకం పుట్టుక, అంతం గురించి ఒక జోస్యురాలి పలుకులు) చదవాలి, రోజుకు పది పద్యాల చొప్పున. ఐస్‌లాండ్ రచయిత స్నోరి ఆ దేవతల కథలను వచనంలో చెప్పిన ఎడ్డా ఆ తర్వాతే. ఐస్‌లాండ్ క్రైస్తవం పుచ్చుకున్న రెండు శతాబ్దాలకు రాసిన క్రైస్తవుడాయన, దేవతలను ట్రాయ్ నుంచి వచ్చిన మనుషులుగా ముందుమాటలో చెప్పాడు. అది తెలియకుండా చదివితే ఆయన అమర్చిన కథే అసలు విశ్వాసమనిపిస్తుంది.

పూజను బ్లోత్ అంటారు. మొదటిసారికి ఒక దీపం, ఒక గిన్నె, గ్లాసుడు తేనె నీళ్లు లేదా పాలు చాలు. దేవత పేరు పైకి పలికి, ఎందుకు పిలుస్తున్నారో మీ మాటల్లో చెప్పి, కొంచెం గిన్నెలో పోసి, మిగిలింది తాగాలి. గిన్నెలోది అదే రోజు చెట్టు మొదట్లో పోసేయండి. బాల్కనీ కుండీలో పోస్తే చీమలు పడతాయి, పాలైతే వాసన కొడతాయి. హావమాల్ 145వ పద్యం అతిగా అర్పించడం కన్నా అసలు అడగకపోవడమే మేలంటుంది, ఎందుకంటే కానుక ప్రతికానుకను కోరుతుంది. కొత్తవాళ్లు దారి తప్పేది సరిగ్గా ఇక్కడే.

నలుగురు కూడితే పానీయం పోసిన పశువు కొమ్ము చేతులు మారుతుంది. సగానికి మించి నింపకూడదు. కొన పైకి ఉంచి వంచితే గాలి బుడగ ఒక్కసారిగా కొనలోకి దూరి, అడుగునున్నదంతా ముఖం మీదికి వస్తుంది. కొనను పక్కకి తిప్పి మెల్లగా వంచాలి. వేడివి పోస్తే లోపలి మైనం కరుగుతుంది. మద్యం తాగనివారు కొమ్ము అందుకుని, మాట చెప్పి, కొంచెం నేల మీద పోస్తే సరిపోతుంది.

కొమ్ము పట్టుకుని చేసిన ప్రతిజ్ఞను కూడినవాళ్లందరూ విన్నట్టే లెక్క. ‘మంచిగా బతుకుతాను’ అనొద్దు. నిలిచిందో లేదో ఎవరూ చెప్పలేరు. ‘వచ్చే పౌర్ణమిలోపు ఫలానా అప్పు తీరుస్తాను’ అనండి.

రూన్‌లు, అంటే జోస్యానికి రాళ్ల మీద చెక్కి అమ్మే పాత నార్స్ అక్షరాలు, ప్రాచీన వరుసలో 24, వైకింగుల కాలంలో 16. సంచుల్లో అమ్మే ఖాళీ రాయి 1980లలో చేర్చింది, దాన్ని పక్కన పెట్టేయండి.

చర్మం రంగు, వంశం అడిగే గుంపుల వైపు మాత్రం వెళ్లవద్దు. చెడును చూస్తే చెడని చెప్పమనే హావమాల్ 127వ పద్యం పేరుతో 2016లో పలు దేశాల సంఘాలు అలాంటి వివక్షను బహిరంగంగా ఖండించాయి. చేరే ముందు ఆ సంఘం నిబంధనలు అడిగి తీసుకుని చదవండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం