వార్షిక నివేదిక: క్రోధి నామ సంవత్సరం (2024 ఉగాది నుంచి 2025 ఉగాది వరకు)

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నిబంధనావళిలో ఉంది కాబట్టి ఇస్తున్నాను. కిందటేడు నివేదిక మరీ పొడుగైందని ఒకరిద్దరు విసుక్కున్నారు. ఈసారిది ఇంకా పొడుగు. చేసిన పని ఎక్కువ, చేసినవాళ్లు తక్కువ. ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా.

పేరుకు తగ్గట్టే ఈ క్రోధి సంవత్సరం మన కార్లను వేడెక్కించింది, మనల్నీ వేడెక్కించింది. ఆగస్టు ఎండ ఎలా ఉంటుందో టెక్సస్‌లో డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఉండే మీకు నేను చెప్పక్కర్లేదు. 40 డిగ్రీల్లో హైవే మీదికి ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే మొదటిసారి వీపు సీటుకు అతుక్కుంటుంది. రెండోసారి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఉంటుంది. మూడోసారికి పక్క లేన్‌లో మినీవ్యాన్ దాటేసి పోతుంది. సూపర్‌చార్జర్, అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే యంత్రం, ఉన్న కార్ల సభ్యులందరిదీ ఇదే గోడు. అందుకే ఈ ఏడాది ఓపికంతా ఒక్క పని మీదే పెట్టాలని జూన్‌లో కార్యవర్గం తీర్మానించింది. ఆ పని హీట్ ఎక్స్ఛేంజర్లు, అంటే వేడెక్కిన నీళ్లను ఎదురుగాలితో చల్లబరిచే చిన్న రేడియేటర్లు, ఎంచుకుని బిగించడం.

జూన్ సమావేశంలో వేసిన లెక్క

రానివాళ్లే ఎక్కువ కాబట్టి ఆ రోజు వైట్‌బోర్డు మీద వేసిన లెక్క మళ్లీ రాస్తున్నాను. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. చిన్నప్పుడు సైకిల్‌కు గాలి కొట్టిన ప్రతివాడికీ పంపు కింది భాగం కాలిన జ్ఞాపకం ఉంటుంది. బయట 40 డిగ్రీలుండి, బూస్ట్, అంటే సూపర్‌చార్జర్ అదనంగా ఇచ్చే ఒత్తిడి, 9 పీఎస్ఐ అయితే, సూపర్‌చార్జర్ సామర్థ్యం 65 శాతం అనుకున్నా అందులోంచి వచ్చే గాలి 110 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడి గాలితో ఇంజిన్ నాకింగ్ మొదలుపెడుతుంది, అంటే లోపల ఇంధనం అదుపు తప్పి తనంతట తానే మండుతుంది. దాన్ని ఆపడానికి కారు కంప్యూటర్ స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది, పవర్ పడిపోతుంది. వెనక నుంచి పట్టుకుంటున్నది అదే.

మన కార్లలో ఆ గాలిని చల్లబరిచేది నీళ్లు. గాలి తన వేడిని నీళ్లకు ఇచ్చే చోటు ఇంటర్‌కూలర్. అందులో వేడెక్కిన నీళ్లను చిన్న ఎలక్ట్రిక్ పంపు ముందు బంపర్ వెనకున్న హీట్ ఎక్స్ఛేంజర్‌కు పంపుతుంది. అక్కడ ఎదురుగాలికి చల్లబడి మళ్లీ తిరిగి వస్తాయి. 550 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తిగా తొక్కినప్పుడు నిమిషానికి 25 కిలోల గాలి మింగుతుంది. దాన్ని 110 నుంచి 60 డిగ్రీలకు దించాలంటే దాదాపు 21 కిలోవాట్ల వేడి తీసెయ్యాలి. అంటే ఒకటిన్నర టన్ను ఏసీలు నాలుగు ఒకేసారి చేసే పని. అంత పనికి ఆ పంపు చూస్తే అరచేతిలో పడుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మినీ కూపర్ ఎస్ తమ్ముడు తనకూ ఒక హీట్ ఎక్స్ఛేంజర్ కావాలని పట్టుబట్టాడు. 2002-2006 మధ్య వచ్చిన ఆ కారులో ఇంటర్‌కూలర్ ఇంజిన్ పైన ఉంటుంది, బానెట్ మీది రంధ్రం గుండా గాలి నేరుగా దానికే తగులుతుంది, అసలు నీళ్లే లేవు. విషయం తెలిశాక కాస్త నొచ్చుకున్నాడు గానీ మిగిలిన మూడు కార్ల పనికీ వచ్చింది అతనే.

ఎంపిక

మూడు కార్లు తేలాయి. ఒకటి 2011 కాడిలాక్ సీటీఎస్-వీ, 6.2 లీటర్ల వీ8, 556 హార్స్‌పవర్. రెండోది ఆడి ఎస్4, 3 లీటర్ల వీ6, 333 హార్స్‌పవర్. దాని ఇంటర్‌కూలర్లు సూపర్‌చార్జర్ పొట్టలోనే ఉంటాయి. మూడో కారు ఏదో రాయొద్దని దాని యజమాని గారు కోరారు, ఎందుకో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

ప్లేనో డాక్టరు గారిది ఒకటే మాట, దొరికిన వాటిలో అన్నింటికన్నా మందమైనది కొందామని. నేను కాదన్నాను. రెండు శనివారాలు వాదన జరిగింది. నా మాట నెగ్గిందని రాయడం లేదు, కారణం తెలియాలని రాస్తున్నాను. ఈ ఎక్స్ఛేంజర్ వెనక ఏసీ కండెన్సర్, దాని వెనక ఇంజిన్ రేడియేటర్ ఉంటాయి. ముందు వరసలో మందం పెంచితే వెనక రెండింటికీ గాలి తగ్గుతుంది, వెళ్లే ఆ కాస్త గాలీ వేడిగా వెళుతుంది. ఇంటర్‌కూలర్ చల్లబడి ఇంజిన్ వేడెక్కితే ఏం లాభం? గాలి తగిలే ముఖం వెడల్పుగా ఉండాలి, మందం మితంగా ఉండాలి. బంపర్ తెరిచి, టేపు పెట్టి, అక్కడ ఎంత చోటుందో కొలిచి అప్పుడు ఆర్డర్ పెట్టాలి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కాదు.

బార్ అండ్ ప్లేట్ రకమా, ట్యూబ్ అండ్ ఫిన్ రకమా అన్నది ఇంకో తగువు. మొదటిది గట్టిది, రాళ్ల దెబ్బలు తట్టుకుంటుంది, కానీ బరువు, గాలిని కొంచెం ఎక్కువ అడ్డుకుంటుంది. రెండోది తేలిక, గాలి సులువుగా దాటుతుంది, ఫిన్లు, అంటే గాలికి వేడి వదిలే పల్చటి రేకులు, మాత్రం వేలు తగిలితే వంగుతాయి. సీటీఎస్-వీకి మొదటిది, ఎస్4కి రెండోది తీసుకున్నాం.

మూడో కారుకు డ్యూయల్ పాస్ తెచ్చారు. అంటే నీళ్లు పై సగంలో అటు వెళ్లి కింది సగంలో ఇటు తిరిగి వస్తాయి. నీటి వేగం రెండింతలు, దారి రెండింతలు. కాగితం మీద వేడి బాగా వదులుతుంది. కానీ అదే నీటిని తొయ్యడానికి కోర్‌లో, అంటే నీళ్లు తిరిగే లోపలి గొట్టాల్లో, ఒత్తిడి నష్టం 8 రెట్ల వరకు పెరుగుతుంది. ఈ మాట నేను జులైలోనే మన వాట్సాప్ గ్రూపులో రాశాను. పదిహేడు మంది బొటనవేలు గుర్తు పెట్టారు. చదివినవాళ్లు ఎందరో మరి.

బిగింపు

సెప్టెంబర్‌లో మూడు శనివారాలు, ఫ్రిస్కోలో కోశాధికారి గారి గ్యారేజీలో. వస్తామన్నవాళ్లు పద్నాలుగు మంది. మొదటి శనివారం ఆరుగురు, రెండోసారి నలుగురు, మూడోసారి నేను, కోశాధికారి గారు, మినీ తమ్ముడు. పిల్లల సాకర్, అత్తగారి ఫ్లైటు, ప్రొడక్షన్ రిలీజు, అన్నీ నిజమే అయ్యుంటాయి. బిర్యానీ వచ్చే వేళకు మాత్రం ప్రతి శనివారం తొమ్మిది మంది ఉన్నారు.

బిగించే ముందే ప్రతి ఎక్స్ఛేంజర్‌ను నీళ్ల తొట్టిలో ముంచి, చేతి పంపుతో గాలి ఎక్కించి చూశాం. ఒకదాని వెల్డింగ్ దగ్గర బుడగలు వచ్చాయి. అమ్మినవాడు మార్చి పంపడానికి మూడు వారాలు ఏడిపించాడు గానీ బంపర్ బిగించాక తెలిసుంటే ఇంకా ఏడ్చేవాళ్లం.

సీటీఎస్-వీ పని సాఫీగా సాగింది. బ్రాకెట్ల కింద రబ్బరు వాషర్లు వేశాం, లేకపోతే అదురుకు అల్యూమినియం చెవులు విరుగుతాయి. ఎక్స్ఛేంజర్ చుట్టూ ఖాళీలు ఫోమ్‌తో మూశాం. ఇది చాలామంది వదిలేస్తారు. గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది, పక్కన సందు ఉంటే ఫిన్ల మధ్య దూరి రాదు. ఒకే రోడ్డు, సాయంత్రం ఒకే వేళ, వరసగా మూడుసార్లు తొక్కి కారు కంప్యూటర్ నుంచి అంకెలు తీస్తే, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఇదివరకు 79 డిగ్రీలకు చేరేది, ఇప్పుడు 61 దగ్గర ఆగింది.

మూడో కారు దగ్గరే పరువు పోయింది. కొత్త ఎక్స్ఛేంజర్ బిగించాక పాతదానికన్నా ఎక్కువ వేడెక్కింది! యజమాని గారి మొహం చూడలేకపోయాం. నీటి గొట్టాల్లో చిక్కిన గాలి రెండుసార్లు తీశాం, ముక్కు పైకి వచ్చేలా ర్యాంపు ఎక్కించి తీశాం, లాభం లేదు. నేను ల్యాప్‌టాప్‌లో గ్రాఫులు చూస్తూ కూర్చున్నాను.

ఆ పూట కోశాధికారి గారి మావగారు టీ తాగుతూ గ్యారేజీలోకి వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లారీల పని చేసిన మనిషి, ఆరు నెలలకని కూతురి దగ్గరికి వచ్చారు. కప్పు పక్కన పెట్టి, ఒక చేత్తో వెళ్లే గొట్టం, ఒక చేత్తో వచ్చే గొట్టం పట్టుకున్నారు. "ఇది సుర్రుమంటోంది, అది చల్లగా ఉంది. డబ్బా బాగానే చల్లబరుస్తోంది నాయనా, నీళ్లే తిరగట్లా. పంపు చూడండి" అన్నారు. మళ్లీ కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

తిరిగి వచ్చే గొట్టం విప్పి గ్యాలన్ డబ్బాలో పెట్టి వాచీ చూశాం. డబ్బా నిండడానికి 25 సెకన్లు పట్టింది, అంటే నిమిషానికి 9 లీటర్లు. పంపు కారంత పాతది, దాని ముందు మేము డ్యూయల్ పాస్ అడ్డం పెట్టాం. సగం కూలెంట్, సగం నీళ్లతో నిమిషానికి 20 లీటర్లు తిరిగితే ఆ 21 కిలోవాట్లకు నీళ్లు 17 డిగ్రీలు వేడెక్కుతాయి. 9 లీటర్లే తిరిగితే 39 డిగ్రీలు. ఇంకేం చల్లబరుస్తాయి! కొత్త పంపు తెచ్చి, ట్యాంకు కంటే కిందుగా బిగించాం, ఎందుకంటే ఈ పంపులు నీళ్లను పీల్చుకోలేవు, వాటి నోట్లోకి నీళ్లు వచ్చి పడాలి. రిలే, ఫ్యూజు వేరుగా వేశాం. డబ్బా 11 సెకన్లలో నిండింది. కారు దారికి వచ్చింది.

కాబట్టి సభ్యులకు నా మనవి. వచ్చే ఏడాది ఎవరు హీట్ ఎక్స్ఛేంజర్ కొనాలన్నా ముందు గ్యాలన్ డబ్బా పరీక్ష చేసి, ఆ సెకన్లు గ్రూపులో పెట్టాలి. అప్పటిదాకా సంఘం తరఫున ఎవరూ స్పానర్ పట్టరు. ఇది తీర్మానంగా సమావేశం ముందుకు వస్తుంది.

ఆయుధ పూజ

అక్టోబర్ 12 శనివారం విజయదశమి. పార్కులో చోటు కోసం ఆఫీసువాళ్లు ఒకే ఫారం మూడుసార్లు నింపించారు. 'బానెట్లు ఎందుకు తెరుస్తారు' అన్న గడిలో ఏం రాయాలో తెలియక 'ప్రార్థన కోసం' అని రాశాను. నాలుగు రోజుల ముందు అనుమతి వచ్చింది.

ఇరవై రెండు కార్లు. మన సంఘం పుట్టాక ఇంత పెద్ద వరస ఇదే. ప్రతి చక్రం కింద నిమ్మకాయ, ప్రతి అద్దానికి బంతిపూల దండ. పంతులు గారు సీటీఎస్-వీ దగ్గర ఆగి, కుంకుమ ఎక్కడ పెట్టమంటారని అడిగారు. ఫిన్ల మీద వద్దండీ, బ్రాకెట్ మీద పెట్టండన్నాను. కొబ్బరి నీళ్లు కూడా అటు చల్లనివ్వలేదు. నవ్వారు గానీ ఒప్పుకున్నారు. ఆటోనగర్ బాబాయి గారి చేత గుమ్మడికాయ కొట్టించాం. పక్కన పిక్నిక్‌కు వచ్చిన కుటుంబం పులిహోర తిని, వచ్చే ఏడాది తమ పికప్ ట్రక్ తీసుకురావచ్చా అని అడిగింది. రమ్మన్నాం.

ఎన్నిస్, చలి

నవంబర్‌లో ఐదుగురం ఎన్నిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్ అనే పావు మైలు పరుగుల ట్రాక్‌కు వెళ్లాం. ట్రాక్ మీద కారితే జారుతుందని గ్లైకాల్ కలిసిన కూలెంట్ తీసేసి డిస్టిల్డ్ వాటర్ పోశాం, సీటీఎస్-వీ ట్యాంకులో మంచు వేశాం. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. పావు మైలు పరుగులో పన్నెండు సెకన్లకు వచ్చే వేడి 250 దగ్గర. కిలో మంచు ఒక పరుగుకు సరిపోయింది. రోడ్డు మీద మాత్రం ఇది పనికిరాదు, పావుగంటలో వేడి నీళ్లే మిగులుతాయి.

తిరిగి వచ్చాక కూలెంట్ మార్చుకోండని డిసెంబర్‌లో మూడుసార్లు గుర్తు చేశాను. 2021 ఫిబ్రవరి చలి ఇక్కడ అందరం చూసినదే. సగానికి సగం కలిపితే మైనస్ 37 దాకా భయం లేదు, ఉత్త నీళ్లు సున్నాకే గడ్డకట్టి కోర్ పగులుతుంది. అయినా జనవరిలో ఒక సభ్యుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, మర్చిపోయాను" అన్నాడు. నైట్ ప్యాంటు మీదే వెళ్లి నీళ్లు వదిలేసి వచ్చాను.

2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకు ఏటా జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. కానీ డల్లాస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. గ్రూపులో 'ఇక ఏ పరీక్షా లేదు' అని పెట్టినవారు దయచేసి తీసెయ్యండి.

గ్యారేజీలో రిపేర్లు చేస్తున్నారని కాలనీ సంఘం నుంచి కోశాధికారి గారికి రెండు ఉత్తరాలు వచ్చాయి. జవాబు రాయడానికి తోడు రమ్మంటే ఎవరూ రాలేదు.

లెక్కలు

కోశాధికారి గారి పత్రం జతచేశాం. చందాలు ఖర్చులకు సరిపోయాయి, కాస్త మిగిలింది. విడిభాగాల డబ్బు ఎవరిది వారే పెట్టుకున్నారు. చందా బాకీ ఉన్నవారి పేర్లు ఈసారికి రాయడం లేదు.

కృతజ్ఞతలు

మూడు శనివారాలు తన కారు ఎండలో పెట్టుకుని గ్యారేజీ ఇచ్చిన కోశాధికారి గారి శ్రీమతి గారికి, పులిహోర, దద్దోజనం చేసి తెచ్చిన అర్వింగ్ అక్కయ్యలకు, ఆటోనగర్ బాబాయి గారికి, వాదనలో ఓడినా ఎన్నిస్‌కు తన ట్రైలర్ పంపిన డాక్టరు గారికి, పంతులు గారికి, బంతిపూలు కోసుకోనిచ్చిన మెకినీ దంపతులకు, టార్చిలైట్ పట్టుకున్న పిల్లలకు, తన కారుకు పని లేకపోయినా ఒక్క శనివారం మానని మినీ తమ్ముడికి. అధ్యక్షుల వారికి కూడా, ఫోన్‌లో ప్రోత్సహించినందుకు.

ఒక విన్నపం. నీళ్లు నింపేటప్పుడు గాలి మిగలకుండా వ్యాక్యూమ్‌తో లాగే కిట్ సంఘం డబ్బుతో కొన్నాం. నవంబర్‌లో ఎవరో పట్టుకెళ్లారు, రిజిస్టర్‌లో సంతకం లేదు. సమావేశానికి వచ్చేటప్పుడు తీసుకురండి. రావడం కుదరకపోతే కోశాధికారి గారి గుమ్మం ముందు పెట్టి వెళ్లండి, ఎవరని అడగం.

ఇట్లు,
కార్యదర్శి